వంపులో నిలిచే నీళ్ళు

అమ్మ హైదరాబాదు వచ్చిన మూడో రోజు పొద్దున్న, నేను గంజి వారుస్తుండగా సింకు కింద గొట్టం ఊడిపోయింది. 1996 జూన్ నెల. అన్నం గిన్నెకు సిబ్బి మూసి, గుడ్డతో పట్టుకుని, సింకులోకే వంచేశాను. ఆ ఇంట్లోకి వచ్చిన పదేళ్ళూ అలాగే చేశాను. ఆ రోజు మటుకు గంజి గొట్టంలోకి దిగుతున్న చప్పుడు సగంలో ఆగింది. పాదాల మీద భగ్గున మంట పుట్టింది. కిందికి చూస్తే తెల్లటి మడతల గొట్టం కప్లింగు నుంచి జారి, ఎండకు వాడిన పొట్లకాయలా వేలాడుతోంది. గంజి గచ్చంతా పరుచుకుంటోంది.

అమ్మ పరుగున వచ్చి ముందు నా కాళ్ళ మీద చన్నీళ్ళు గుమ్మరించింది. ఆ తర్వాత గంజిలోనే గొంతుకూర్చుని గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూసింది. అదింకా మెత్తగా ఉంది.

"కాగుతున్న గంజి ఇందులో పోస్తావటే? అసలు మనింట్లో గంజి ఎప్పుడన్నా పారబోశామా?"

పారబోయలేదు, నిజమే. తెనాలి దగ్గర మా ఊళ్ళో గంజికి వేరే దారి ఉండేది. సగం కుడితి తొట్టిలోకి, గేదెకు. ఉప్పేసుకుని తాగడానికి నాన్నకో గ్లాసు. శనివారం నాడు నేత చీరలకు. ఇక అంట్లు తోమేది పెరట్లో, గాబు పక్కన పరిచిన నాపరాయి మీద. బూడిద, కొబ్బరి పీచు, ఇత్తడికి చింతపండు. తొలిచిన నీళ్ళు చిన్న బోదె గుండా చేమ పాదుల్లోకి, అక్కణ్ణించి అరటి పిలకల మొదట్లోకి పోయేవి. అమ్మ రోజూ పారతో ఆ బోదెను ఒకసారి గీకేది. ఆ దారి పొడుగునా కంటికి కనబడుతూనే ఉండేది గనక మెతుకు అడ్డం పడినా తెలిసిపోయేది. మా ఊరి సింకు, దాని మరమ్మతు కూడా అంతే.

వనస్థలిపురం ఇంట్లో ఆ దారి గోడలో దాగుంది. 1986లో కట్టించుకున్నప్పుడు గుమ్మాల గురించీ పూజగది గురించీ నెలల తరబడి మాట్లాడుకున్నాం. సింకు కింద ఏం పెడుతున్నారని నేనూ అడగలేదు, పనివాళ్ళూ చెప్పలేదు. కడప బండ గట్టులో ఒక స్టీలు తొట్టి, దాని కింద మడతల గొట్టం, ఆ గొట్టం కొస నేల మీది కన్నంలో. కన్నం చుట్టూ ఖాళీలో ఒక పాత గుడ్డ కుక్కి ఉండేది. పదేళ్ళపాటు ఆ వంటగదిలో సాయంత్రమయ్యేసరికి ఒక వాసన వచ్చేది. రాత్రి దీపం వేస్తే బొద్దింకలు ఆ గుడ్డలోకే పరుగెత్తేవి. వంటిల్లంటే ఇంతేనేమో అనుకుని రోజూ ఫినాయిలు పోశాను.

కాలనీ చివర హార్డ్‌వేర్ దుకాణం అరుగు మీద కూర్చునే ఒక పెద్ద మేస్త్రిని మావారు తీసుకొచ్చారు. నల్లగొండ వైపు మనిషి. గోనెసంచిలో పైపు పానా, హాక్సా బ్లేడు, జనపనార ఉండ, సఫేదా డబ్బా. వచ్చీ రాగానే ఆయన పని మొదలుపెట్టలేదు. నేల మీద పడుకుని టార్చితో సింకు కిందంతా చూశాడు. లేచి, అమ్మకేసి తిరిగి చెప్పాడు.

"గొట్టం తప్పేం లేదు పెద్దమ్మా. ఈ ప్లాస్టిక్కు అరవై డిగ్రీల వేడి దాక ఆగుతది, దాటితే మెత్తగైతది. మీరు పోసింది మసులుతున్న గంజి. అది సరే, ఇంట్ల మోరి వాసన వస్తలేదా?"

వస్తోందన్నాను.

"ఎందుకు రాదమ్మా, వంపే పెట్టలేదు గద."

వంపంటే ఏమిటో ఆ మధ్యాహ్నం ఆయన చేసి చూపించాడు. దుకాణం నుంచి గట్టి పీవీసీ గొట్టం ముక్కలూ, ఒక యూ ఆకారపు వంపూ, చేత్తో తిప్పి విప్పుకునే నట్లూ తెప్పించాడు. సింకు నుంచి దిగిన గొట్టం ఒకసారి కిందికి వంగి, మళ్ళీ పైకి లేచి, అప్పుడు గోడవైపు తిరిగేట్టు అమర్చాడు. గోడదాకా ఉన్న మూడడుగుల పొడవుకు దాదాపు అంగుళం వాలు ఇచ్చాడు. వాలు లేకపోతే నీళ్ళు నిలుస్తాయి, మరీ ఏటవాలుగా పెడితే నీళ్ళు ముందు పారిపోయి చెత్త వెనక మిగులుతుందట. నేలకన్నం చుట్టూ ఉన్న గుడ్డ పీకేసి రబ్బరు బిరడా బిగించాడు. అంతా అయ్యాక ఒక చెంబు నీళ్ళు పోసి, వంపు మీద వేలితో తట్టాడు.

"గీడ రెండంగుళాల నీళ్ళు ఎప్పటికీ నిలిచే ఉంటయి. గవే తలుపు. నీళ్ళున్నంత సేపు మోరిలకెల్లి వాసన రాదు, పురుగు రాదు."

అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి శ్రద్ధగా వింది. ఒక ప్రశ్న అడిగింది. నేనా ప్రశ్న అడిగి ఉండేదాన్ని కాదు.

"ఊరెడితే? ఆ నీళ్ళు ఇగిరిపోవూ?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "గదీ మాట! నెల దాటి పోతే, పోయే ముందర రెండు చెంచాల మంచినూనె పొయ్యుండ్రి. నీళ్ళ మీద నూనె తేల్తది. నీళ్ళు ఎండవు."

ఆ రాత్రి వంటింట్లో వాసన లేదు. నేను రెండుసార్లు లేచి వెళ్ళి నిలబడి ఊపిరి పీల్చి చూశాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను, 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన మరుగుదొడ్డి గొట్టానికి ఎస్ ఆకారపు వంపు పెట్టి పేటెంటు తీసుకున్నాడట. గొట్టాన్ని వంచి కాసిని నీళ్ళు అందులో ఆపడం, అంతే. దానిలో కదిలే భాగం ఒక్కటీ లేదు. కాబట్టి అరిగేదీ లేదు. ఒక్క గొట్టం వంపు కోట్ల ఇళ్ళలో వాసనను ఆపుతోంది. పదేళ్ళు ఆ వంపు లేని ఇంట్లో బతికినదాన్ని గనక దాని విలువ నాకు గట్టిగా తెలుసు.

అమ్మ మర్నాటి నుంచే వంటింట్లో గంజికి దారి మార్చింది. గట్టు మీద ఒక తపేలా పెట్టి అందులో వార్చేది. చల్లారాక పాలు పోసే ఆవిడ వచ్చి బకెట్టుతో పట్టుకెళ్ళేది. ఆవిడ గేదెల్ని అమ్మేసి వెళ్ళిపోయాక నీళ్ళు కలిపి కరివేపాకు మొక్కకు పోశాం. గంజి వేడికి గొట్టం మెత్తబడడం ఒకెత్తు, గంజి చల్లారి గొట్టం లోపల పట్టు కట్టడం ఇంకొకెత్తు. దాని మీద నేతిబొట్టూ తాలింపు నూనే చేరితే జిగురు పొర అవుతుంది. ఆ పొరకు ఆవగింజలూ టీపొడీ అంటుకుంటాయి. సింకులు మూసుకుపోవడానికి చాలా ఇళ్ళలో ఇదే కారణం. నూనె మూకుడును కడిగే ముందు కాగితంతో తుడవమని అమ్మ నాకు నేర్పింది, నేను మా కోడలికి నేర్పాను.

1999లో అమ్మ మా తమ్ముడి దగ్గరికి వెళ్ళి కొన్ని నెలలుంది. ఆమె లేనప్పుడే సింకులో నీళ్ళు నిలవడం మొదలైంది. పెద్ద మేస్త్రి ఊళ్ళో లేడు. వేరే దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు గొట్టం విప్పకుండానే కాస్టిక్ పొడి డబ్బా సగం వొంపి, కాసిని నీళ్ళు చల్లి వెళ్ళిపోయాడు. ఆ పొడి కొవ్వును సబ్బుగా మార్చి కరిగిస్తుందన్నది నిజమే. కానీ పొడి ఎక్కువై నీళ్ళు తక్కువైతే అది గొట్టంలోనే గడ్డ కడుతుంది. మా ఇంట్లో కట్టింది. తెల్లారి యాసిడ్ తెచ్చి పోస్తానన్నాడు. కాస్టిక్ మీద యాసిడ్ పోస్తే ఉడుకుతూ ముఖం మీదికి చిమ్ముతుంది. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, కానీ మావారు కెమిస్ట్రీ చదువుకున్న మనిషి కావడంతో ఆపేశారు. చివరికి వంపును కోసి పారేసి కొత్తది పెట్టాల్సివచ్చింది. చేత్తో విప్పుకోవడానికి నట్లు పెట్టి ఇచ్చిన వస్తువును విప్పకుండా మందు పోసి కాపాడాలనుకోవడం ఎంత తప్పో నాకు అప్పుడర్థమైంది. ఆ తర్వాత మా సింకులో ఏ పొడీ పోయలేదు. ఇంట్లో పొడి డబ్బా కూడా ఉంచలేదు.

ఇక కుళాయి సంగతి. అప్పట్లో మాది బోరు నీళ్ళు. గిన్నెలు ఆరాక తెల్లటి మచ్చలు మిగిల్చే నీళ్ళు. ఆ ఉప్పు పెచ్చు కుళాయి లోపల రబ్బరు వాషరును గీరేస్తుంది. ఆర్నెల్లకోసారి బొట్లు పడడం మొదలయ్యేది. ఎంత గట్టిగా తిప్పినా ఆగదు, గట్టిగా తిప్పేకొద్దీ వాషరు మరీ నలుగుతుంది. అమ్మకు రాత్రిళ్ళు ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. ఒక రాత్రి పదింటికి కుళాయి కింద చెంబు పెట్టింది. సెకనుకొక బొట్టు. తెల్లారి ఆరింటికి చూస్తే లీటరున్నరకు కాస్త తక్కువ నీళ్ళు. రోజంతటికీ లెక్కేస్తే నాలుగు లీటర్లకు పైనే. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే రోజులవి. ఆ వారమే పెద్ద మేస్త్రిని కూర్చోబెట్టి వాషరు మార్చడం నేర్చుకున్నాను. ముందు వాల్వు కట్టెయ్యడం, కుళాయి తెరిచి మిగిలిన నీళ్ళు పోనివ్వడం, తల విప్పి వాషరు తీసి కొత్తది పెట్టడం. పది నిమిషాల పని. కష్టమంతా వాల్వుతోనే. మా ఇంట్లో మొత్తానికి ఒకటే వాల్వు, మేడ మీద ట్యాంకు దగ్గర. సింకు వాషరు కోసం ఇల్లంతా నీళ్ళు ఆపి మేడెక్కాలి. ఏ కుళాయికి ఆ కుళాయికి కింద ఒక యాంగిల్ కాక్ ఉంటే ఎంత సుఖమో అప్పుడే మనసులో రాసుకున్నాను.

2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్ళు మా పక్కనే ఉన్న సాహెబ్ నగర్ దాకా వచ్చాయి. కొన్నాళ్ళకు మా కాలనీకీ రోజు విడిచి రోజు వదలడం మొదలైంది. మొదటి రోజు అమ్మ ఆ నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. బోరు నీళ్ళలో ఎంత ఉడికినా పలుకు మిగిలే పప్పు, ఆ రోజు వేలితో నొక్కితే వెన్నలా నలిగింది. "పప్పు ఉడికిందే!" అని హాల్లోకి గరిటెతో సహా వచ్చి నాకు చూపించింది. మా ఊరి కాలువలో పారేదీ ఆ నీళ్ళే, ప్రకాశం బ్యారేజీ దగ్గర విడిపోయి వచ్చేవి. ఇక్కడికి మటుకు ఎగువ నుంచే, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ఎక్కి వచ్చాయి.

ఆ నీళ్ళు మొదలైన కొత్తల్లో మా సింకు కుళాయిలో ఎర్రగా వచ్చేవి. ధార కూడా సన్నబడింది. 2008లో గోడ కొట్టించాం. లోపలి జీఐ గొట్టాన్ని మేస్త్రి కొడుకు కోసి నా చేతిలో పెట్టాడు. అప్పటికి పెద్దాయన మెట్లెక్కలేకపోతున్నాడు. ఇరవై రెండేళ్ళు మా నీళ్ళు మోసిన అరంగుళం గొట్టం. లోపలంతా తుప్పూ సున్నమూ కలిసి గడ్డలు గడ్డలుగా పేరుకుని, మధ్యలో పెన్సిలు దూరేంత సందు మిగిలింది. మేం తాగిందీ వండిందీ ఆ సందులోంచి వచ్చిన నీళ్ళతోనే. ఆ ముక్కను చాలాకాలం అటక మీద దాచాను. ఇల్లు కట్టుకుంటున్న చుట్టాలెవరొచ్చినా తీసి చూపించేదాన్ని.

దాని బదులు సీపీవీసీ వేయించాం. మీగడ రంగు గొట్టం, తొంభై డిగ్రీల దాకా వేడి తట్టుకుంటుంది. తుప్పుండదు. మరలు కోయడం, నార చుట్టడం ఉండదు. కొసకు సిమెంటు రాసి, సాకెట్లోకి నెట్టి, పావు వంతు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఆ అర నిమిషమే పనితనం. తొందరపడి వదిలేస్తే గొట్టం వెనక్కి జరుగుతుంది, గోడ పూడ్చాక ఆ అతుకు చెమరుస్తుంది. ఆ అబ్బాయి ప్రతి అతుకు దగ్గరా పెదవులు కదుపుతూ ముప్పై లెక్కపెట్టేవాడు. కుళాయి బిగించే చోట మటుకు ప్లాస్టిక్కు మర కాకుండా లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బోనే పెట్టాలన్నాడు. సింకు కింద నా యాంగిల్ కాక్ కూడా వచ్చింది. గోడ మూసేముందు ఒక రోజంతా నీళ్ళు నింపి ఉంచి అతుకులన్నీ తడిమి చూశాం.

సింకు కూడా అప్పుడే మార్చాం. అందులో రెండు పొరపాట్లు జరగబోయాయి. ఒకటి ఆగింది, ఒకటి ఆగలేదు.

ఆగింది లోతు. దుకాణంలో పదంగుళాల లోతుది చూపించి, పెద్ద గిన్నెలు పడతాయన్నారు. అమ్మ దాని ముందు నిలబడి చెయ్యి చాపింది. వేళ్ళు అడుగుకు తగలడానికి నడుం వంగింది. "రోజుకు రెండు గంటలు ఇట్లా నిలబడాలి" అంది, ఇంకేం చెప్పలేదు. ఎనిమిదంగుళాలది తీసుకున్నాం. సింకు కొనేవాళ్ళకు నేనిచ్చే సలహా ఈ ఒక్కటే. నిటారుగా నిలబడి అరచెయ్యి అడుగున ఆనించి చూడండి. ఇంట్లో ఎవరు ఎక్కువగా తోముతారో వాళ్ళనే తీసుకెళ్ళండి. డబ్బిచ్చే మనిషి చేసే కొలత పనికిరాదు.

ఆగనిది స్టీలు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని దుకాణంలో అన్నారు, నమ్మాను. నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన 200 తరగతి స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు. ఆవకాయ కలిపిన బేసిను ఒక రాత్రంతా ఆ సింకులో ఉండిపోయింది. తెల్లారి ఉప్పు నీళ్ళు నిలిచిన చోట గోధుమరంగు చుక్కలు. రెండేళ్ళలో అవి గుంటలయ్యాయి. 2014లో 304 అని అచ్చు గుద్దినది కొన్నాం. వందకు పద్దెనిమిది పాళ్ళు క్రోమియం, ఎనిమిది పాళ్ళు నికెలు ఉండేది. అయినా ఆవకాయ బేసిను ఇప్పుడు రాత్రి ఉండనివ్వం.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, సింకు నిండి నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. ఎవరినీ పిలవడానికి లేదు. నాకు అరవై నాలుగు, అమ్మకు ఎనభై ఆరు. మావారు పోయి మూడేళ్ళు. అమ్మ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకుంది. నేను కింద బకెట్టు పెట్టి, వంపుకు రెండువైపులా నట్లు చేత్తోనే తిప్పాను. ఒకటి వచ్చింది. రెండోది బిగుసుకుపోయింది. "తడిగుడ్డ చుట్టి పట్టుకోవే, జారదు" అంది అమ్మ. వచ్చింది. వంపు బకెట్లో పడింది, దాంతోపాటు నల్లటి ముద్ద. జిడ్డు, టీపొడి, మెంతులు, లెక్కలేనన్ని ఆవగింజలు. అమ్మ టార్చి దగ్గరగా పెట్టి చూసి, "మన తాలింపులన్నీ ఇక్కడే ఉన్నాయి" అంది. పాత బ్రష్షుతో తోమి, వాషర్లు కడిగి, పొడిగా తుడిచి మళ్ళీ బిగించాను. అమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. నేను కింద పొడి కాగితం పరిచి చూశాను. ఒక్క చుక్క తడి లేదు. ఆ తర్వాత ప్రతి మూణ్ణెల్లకూ ఇద్దరం అలాగే చేశాం. టార్చి ఎప్పుడూ అమ్మదే.

2022 ఏప్రిల్‌లో అమ్మకు సుస్తీ చేసింది. ఊరెళ్ళాలంది. రెండు గంటల్లో కారు మాట్లాడుకుని బయల్దేరాం. వెళ్ళిన తొమ్మిదో రోజున అమ్మ అక్కడే పోయింది. కర్మలు, ఇంటి కాయితాలు, తమ్ముడి ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మధ్యాహ్నాలు. నేను తిరిగొచ్చేసరికి జూన్ మొదటి వారం.

తాళం తీసి లోపల అడుగు పెట్టగానే వాసన. పాతికేళ్ళ కిందటి వాసన. ఒక్క క్షణం నాకేమీ తోచలేదు. సామాను గుమ్మంలోనే వదిలి వంటింట్లోకి వెళ్ళి, సింకు కింద వంపును వేలితో తట్టాను. డొల్లగా మోగింది. వెళ్ళేటప్పుడు నూనె పోయడం ఎప్పుడూ అమ్మ పనే. ఆ రోజు ఆమెను ఇద్దరం ఎత్తుకుని కారులో పడుకోబెట్టాం.

గట్టు మీద అమ్మ చెంబు బోర్లించి ఉంది. కుళాయి తిప్పితే ముందు గాలి, ఆ తర్వాత నీళ్ళు. చెంబు నిండా పట్టి, మెల్లగా పోశాను. వంపులోకి నీళ్ళు దిగి, గుటక వేసినట్టు ఒక చప్పుడై, నిలిచాయి. కిటికీలు తెరిచి అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి వాసన పోయింది.